పోలింగ్ అయిన 21వ రోజున దిగిన తుపాకులు

(ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ)

గౌరవనీయులు ఆంటోనియో గుటెరెస్ గారికి,

నేను సైనికుణ్ణి కాను, దౌత్యవేత్తనూ కాను. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన తెలుగువాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలింగ్ డ్యూటీ చేశాను. శాంతి పరిరక్షక దళాల ఆయుధాల గురించి, సరంజామా గురించి మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత ఆ ఒక్కటే. అది తక్కువ అర్హతేమీ కాదని ఈ లేఖ పూర్తయ్యేలోగా మీరే ఒప్పుకుంటారని ఆశ.

1999 సెప్టెంబరులో మా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఎన్నికలు జరిగాయి. నన్ను ప్రిసైడింగ్ అధికారిగా వేసిన ఊరు రాయలసీమలో ఉంది. లిస్టులో దాని పేరు పక్కన ‘అతి సమస్యాత్మకం’ అని రాసి ఉంది. మేం పెట్టెలు, బ్యాలెట్ కాగితాలు, లక్క, సిరా సీసా మోసుకుని లారీ దిగేసరికే ఆ ఊళ్లో కేంద్ర బలగాలున్నాయి. మూడు రోజుల ముందే వచ్చి వీధుల్లో కవాతు చేశాయని స్కూలు ప్యూను చెప్పాడు. లైసెన్సు తుపాకులున్నవాళ్ల చేత వాటిని ముందే స్టేషన్‌లో డిపాజిట్ చేయించారు. రెండు వర్గాల్లో పేరుమోసినవాళ్ల మీద బైండోవర్ కేసులు పెట్టేశారు. రాత్రి స్కూలు గదిలో పెట్టెల పక్కన చాప వేసుకుని పడుకున్నాను. గుమ్మంలో కానిస్టేబుల్ త్రీ నాట్ త్రీ తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది పేలుతుందో లేదో అతనికే నమ్మకం ఉన్నట్టు కనిపించలేదు. అయినా నాకు నిద్ర పట్టింది.

ఆ రాత్రి ట్రాన్సిస్టర్‌లో వార్తలు విన్నాం. తూర్పు తైమూర్ అనే చోట జనం ఓటేశారనీ, అందుకు వాళ్ల ఇళ్లు తగలబెడుతున్నారనీ చెప్పారు. కానిస్టేబుల్ ఒకే ప్రశ్న అడిగాడు: “ఓటుకు ముందు బలగాలు దింపలేదా సార్?”

ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నాను. వెతికిన కొద్దీ అది మీ గుమ్మం దగ్గరే ఆగుతోంది. ఎందుకంటే అప్పుడు మీరు పోర్చుగల్ ప్రధానమంత్రి, ఆ నేలను అంతకుముందు పాలించిన దేశానికి. ఇండోనేషియాలో స్వయంప్రతిపత్తితో ఉండాలా, స్వతంత్రం కావాలా అని అడిగిన ఆ ఓటుకు దారి వేసిన ఒప్పందం మీద 1999 మే 5న న్యూయార్క్‌లో మీ విదేశాంగ మంత్రి జైమే గామా సంతకం పెట్టారు. ఇండోనేషియా తరఫున అలీ అలటాస్, సమితి తరఫున కోఫీ అన్నన్ సంతకాలు పెట్టారు. ఇప్పుడు మీరు అన్నన్ గారి కుర్చీలో ఉన్నారు. ఒకే వ్యవహారాన్ని రెండు కుర్చీల్లోంచి చూసినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు?

ఆ ఒప్పందంలో ఓటర్ల నమోదు ఎలాగో, ప్రశ్న ఎలా ఉండాలో, లెక్కింపు ఎలాగో అన్నీ ఉన్నాయి. భద్రత దగ్గరికి వచ్చేసరికి ఆ బాధ్యత ఇండోనేషియా భద్రతా యంత్రాంగానిదే అని రాసి ఉంది. 1975 డిసెంబరు 7న ఆ నేలమీద దండెత్తిందీ, మరుసటి ఏడాది దాన్ని తన 27వ రాష్ట్రంగా కలిపేసుకుందీ, 1991 నవంబరులో రాజధాని డిలీలోని శాంతాక్రూజ్ శ్మశానంలో ఊరేగింపు మీద కాల్పులు జరిపిందీ ఆ యంత్రాంగమే. పోటీలో ఉన్న అభ్యర్థి మనుషులకే బూత్ కాపలా అప్పజెప్పినట్టు అయింది. మా దగ్గర అలా చేస్తే కలెక్టర్‌ను ఆ సాయంత్రానికే బదిలీ చేస్తారు.

సమితి పంపింది జూన్ 11 నాటి 1246వ తీర్మానం ప్రకారం 280 మంది వరకు పోలీసులను, 50 మంది సైనిక అనుసంధాన అధికారులను. వాళ్ల చేతిలో ఆయుధం లేదు. వాకీటాకీలు, తెల్ల రంగు జీపులు, నీలం టోపీలు ఉన్నాయి. ఆ పోలీసుల ధైర్యాన్ని నేను చిన్నచూపు చూడను. ఆగస్టు 30న నాలుగున్నర లక్షల మంది ఓటర్లలో 98.6 శాతం మంది కొండలు దిగి, తెల్లారకముందే వరసల్లో నిలబడి ఓటేశారు. డ్యూటీ చేసినవాడిగా చెబుతున్నాను, ఆ శాతం నేను ఏ బూత్‌లోనూ చూడలేదు. సెప్టెంబరు 4న లెక్క ప్రకటించారు. స్వయంప్రతిపత్తి చాలన్నవాళ్లు 94,388, వద్దు స్వాతంత్ర్యమే కావాలన్నవాళ్లు 3,44,580.

ఆ తర్వాతది మీకు నేను చెప్పాలా? అయినా ఈ లేఖ చదివే తెలుగువాళ్ల కోసం చెబుతాను. వెయ్యి మందికి పైగా చనిపోయారు. దాదాపు రెండున్నర లక్షల మందిని ఇండోనేషియా చేతిలోని పడమటి తైమూర్‌లోకి తోలారు. దేశంలో నూటికి డెబ్బై కట్టడాలు కూలిపోయాయి లేదా కాలిపోయాయి. సువాయి అనే ఊరి చర్చిలో తలదాచుకున్నవాళ్లను, పూజారులతో సహా సెప్టెంబరు 6న చంపారు. డిలీలో సమితి కార్యాలయం ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఉండేది. పక్కనున్న బడిలో దాక్కున్న జనం కాల్పులకు భయపడి ఒక రాత్రి మధ్యనున్న కంచె వైపు పరుగెత్తారు. అది బ్లేడ్లున్న ముళ్లకంచె. తల్లులు పిల్లల్ని దాని మీదుగా అవతలికి విసిరారు. ఒళ్లు చీరుకుపోయినా సరే, బతుకుతారని. సమితి సరంజామాలో ఆ రాత్రి జనానికి అక్కరకొచ్చింది ఆ కంచె ఒక్కటే, అదీ వాళ్లను కోస్తూ. లోపలున్న సమితి ఉద్యోగులు చాలామంది, ఈ జనాన్ని వదిలి మేం వెళ్లం అని మొండికేశారు. సెప్టెంబరు 14న దాదాపు పదిహేను వందల మందిని విమానాల్లో ఆస్ట్రేలియాలోని డార్విన్ చేర్చారు. ఆ మొండితనాన్ని మీ సంస్థ చరిత్రలో బంగారు అక్షరాలతో రాసుకోవాలి. కానీ ప్రణాళికలో లేనిది, మనుషుల మంచితనం వల్ల జరిగింది.

ఇప్పుడు ఆయుధాల సంగతికి వస్తాను. స్వాతంత్ర్యం వద్దంటూ చంపిన ముఠాల చేతుల్లో ఏమున్నాయి? తైమూర్ భాషలో కటానా అంటారు, మన వేటకొడవలి లాంటిది. కొబ్బరికాయ కొట్టడానికి, కంప నరకడానికి ప్రతి ఇంట్లోనూ ఉండే పనిముట్టు. దాంతోపాటు రకితాన్, అంటే నాటు తుపాకీ: నీళ్ల గొట్టం, చెక్క పిడి, మేకులు. ఈ రెండూ మా సీమవాళ్లకు పరిచయమున్నవే. డిలీలో అయితరాక్ అనే ముఠాను నడిపినవాడి పేరు యూరికో గుటెరెస్. మీ ఇంటిపేరే. మీకు అతనితో బంధుత్వం ఏమీ లేదని తెలుసు. నాలుగు శతాబ్దాల పోర్చుగీసు వలస పాలన అక్కడ వదిలివెళ్లిన వాటిలో ఇంటిపేర్లూ ఉన్నాయని గుర్తుచేయడానికే ఈ మాట. 

కొడవళ్లకు, నాటు తుపాకులకు వెనక నిలబడింది మాత్రం ఇండోనేషియా సైన్యం. ఆ సైన్యం చేతిలో ఉన్నవి మంచి తుపాకులు. 1975 దాడికి ఒక్కరోజు ముందు అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, ఆయన విదేశాంగ మంత్రి కిసింజర్ జకార్తాలో ఉన్నారు. దాడి తర్వాత తైమూర్ కొండల మీద బాంబులు వేసిన బ్రోంకో విమానాలు అమెరికావి. హాక్ జెట్ విమానాలు అమ్మింది బ్రిటన్. ఈ రెండు దేశాలూ మీ భద్రతా మండలిలో శాశ్వత సభ్యులు. 1999 సెప్టెంబరు 9న అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇండోనేషియాతో సైనిక సంబంధాలు ఆపేస్తున్నామన్నారు. అప్పులిచ్చే సంస్థలు కూడా ముఖం చిట్లించాయి. మూడు రోజులు తిరిగేసరికి, అంటే సెప్టెంబరు 12న, విదేశీ దళాలు రావచ్చని ఇండోనేషియా అధ్యక్షుడు హబీబీ ఒప్పుకున్నారు. ఇరవై నాలుగేళ్ల సరఫరా, మూడు రోజుల నిలుపుదల. ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉందో అప్పుడు అందరికీ తెలిసింది. ఐరోపా సమాఖ్య కూడా ఆ వారంలోనే ఆయుధ నిషేధం పెట్టింది, నాలుగు నెలలకు. గడువు అయిపోగానే ఎత్తేసింది. మా కిరాణా కొట్టువాళ్లు కూడా అరువు అంతకంటే ఎక్కువ కాలం ఆపుతారు.

సెప్టెంబరు 15న 1264వ తీర్మానం వచ్చింది. 20న ఉదయం డిలీ విమానాశ్రయంలో హెర్క్యులిస్ విమానాల వెనక తలుపులు తెరుచుకున్నాయి. ఓటేసి ఇరవై ఒక్క రోజులైంది.

దిగినవాళ్లకు నాయకుడు ఆస్ట్రేలియా మేజర్ జనరల్ పీటర్ కాస్‌గ్రోవ్, ఆయన తర్వాతి స్థానంలో ఒక థాయ్ జనరల్. మొత్తం 22 దేశాలు. ఎక్కువగా ఉన్నప్పుడు పదకొండు వేల మంది, అందులో సగం ఆస్ట్రేలియన్లే. పేరు ఇంటర్‌ఫెట్. వాళ్లవి సమితి అనుమతి ఉన్న దళాలే గానీ నీలి టోపీ దళాలు కావు. ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు, పేద దేశాల కోసం జపాన్ పది కోట్ల డాలర్లు ఇచ్చింది. వాహనాలకు తెల్ల రంగు వేయలేదు, ఆకుపచ్చ మచ్చలతోనే దిగాయి. అది కావాలని చేసిందే: కాపలాకు రాలేదు, అవసరమైతే కాలుస్తాం అని చెప్పడం.

ఆస్ట్రేలియా సిపాయి భుజాన ఉన్నది ఆస్టెయిర్ అనే తుపాకీ. ఆస్ట్రియావాళ్ల నమూనా, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో తయారీ. మొదటిసారి బొమ్మ చూసినప్పుడు పిల్లల ఆటవస్తువేమో అనుకున్నాను. ఒళ్లంతా ఆకుపచ్చ ప్లాస్టిక్. తూటాల పెట్టె ట్రిగ్గర్‌కు వెనక, భుజానికి దగ్గరగా ఉంటుంది, అందుకే తుపాకీ పొట్టి. వాహనంలోంచి దిగేటప్పుడు, ఇంటి గుమ్మంలో తిరిగేటప్పుడు ఎక్కడా తగలదు. పైనున్న పట్టుకునే కమ్మీలోనే దూరదర్శిని. ట్రిగ్గర్ సగం నొక్కితే ఒక్క గుండు, పూర్తిగా నొక్కితే వరస. నన్ను ఆపింది మాత్రం తూటాల పెట్టె. అది పారదర్శకంగా ఉంటుంది. ఎన్ని గుళ్లు మిగిలాయో బయటికి కనిపిస్తాయి. సిపాయికే కాదు, ఎదుటివాడికి కూడా, దగ్గరగా వస్తే. మా కానిస్టేబుల్ త్రీ నాట్ త్రీలో ఎన్ని ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎనిమిది చక్రాల అస్లావ్ కవచ వాహనాలు 25 మిల్లీమీటర్ల ఫిరంగితో వీధుల్లో తిరిగాయి. గొలుసు చక్రాల ఎం113లు వచ్చాయి. బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు రాత్రిపూట డిలీ మీద చక్కర్లు కొట్టాయి. సైనికులకు చీకట్లో చూసే కళ్లద్దాలున్నాయి, ముఠాలకు లేవు. అప్పటిదాకా రాత్రి వాళ్లది, ఆ తర్వాత వాళ్లది కాకుండా పోయింది. బ్రిటన్ పంపిన గూర్ఖాలు కుక్రీలతో వచ్చారు. న్యూజిలాండ్‌వాళ్లు పాత ఇరోక్వాయ్ హెలికాప్టర్లతో, బ్రెజిల్, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, దక్షిణ కొరియావాళ్లు తమ తమ తుపాకులతో. ఇన్ని రకాల తుపాకులకు ఇన్ని రకాల గుళ్లు, ఇన్ని రకాల విడిభాగాలు. సరఫరా చూసుకున్న గుమాస్తాల కష్టం గురించి ఎవరూ పుస్తకం రాయరు.

ఈ మందీమార్బలమంతా పేల్చిన గుళ్లు మాత్రం తక్కువే. సువాయి దగ్గర పొంచి ఉండి కాలిస్తే ఇద్దరు ఆస్ట్రేలియన్లు గాయపడ్డారు. అక్టోబరు 10న మొతాయిన్ అనే సరిహద్దు ఊళ్లో ఇండోనేషియా వైపు నుంచి కాల్పులు మొదలై, ఒక ఇండోనేషియా పోలీసు చనిపోయాడు. కాల్పులు ఆగాక రెండు పక్షాల అధికారులూ పటాలు తీశారు. ఇద్దరి పటాల్లో సరిహద్దు గీత వేరువేరు చోట్ల ఉంది! ఆ రోజు అక్కడ అవసరమైన పరికరం ఒకే పటం. ఇంటర్‌ఫెట్ ఉన్న అయిదు నెలల్లో శత్రువు కాల్పులకు దాని సైనికుడు ఒక్కడు కూడా చనిపోలేదు. దాన్ని విజయం అనే అంటాను. కానీ వాళ్లు దిగిన మర్నాడే ఒక డచ్ పత్రికా విలేకరిని డిలీ శివారు బెకోరాలో చంపారు. సెప్టెంబరు 25న లొస్పాలోస్ ప్రాంతంలో కారులో వెళ్తున్న సన్యాసినులను, వాళ్లతో ఉన్నవాళ్లను చంపారు. పడమటి తైమూర్ మధ్యలో విడిగా ఉన్న ఒకూసీ ముక్కకు దళాలు చేరింది అక్టోబరు 22న. అక్కడ పాసాబే దగ్గర పదుల సంఖ్యలో యువకులను చంపేసి అప్పటికే ఆరు వారాలైంది.

మీ తరఫువాళ్లు ఒక మాట చెబుతారు: సాయుధ దళాలు కావాలని మే నెలలో పట్టుబట్టి ఉంటే జకార్తా ఓటుకే ఒప్పుకునేది కాదు, హబీబీ ఇచ్చిన అవకాశం చేజారేది. ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నేనూ చాలాకాలం దీని దగ్గరే ఆగాను. తర్వాత ఒక ఓడ సంగతి తెలిసింది.

దాని పేరు జర్విస్ బే. టాస్మానియాలో హోబర్ట్ దగ్గర ఇన్‌క్యాట్ అనే సంస్థ కట్టింది. రెండు పడవలను పక్కపక్కన కలిపినట్టుండే అల్యూమినియం ఓడ, పొడవు 86 మీటర్లు. నిజానికి జనాన్నీ కార్లనూ రేవు దాటించే ఫెర్రీ. దాన్ని ఆస్ట్రేలియా నావికాదళం రెండేళ్లకు అద్దెకు తీసుకుంది. అయిదు వందల మంది సిపాయిలను వాహనాలతో సహా ఎక్కించుకుని సాయంత్రం డార్విన్‌లో బయల్దేరితే తెల్లారేసరికి డిలీలో ఉంటుంది. వంద దాటి ట్రిప్పులు వేసింది, సిపాయిలు దానికి డిలీ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఓడను నావికాదళంలోకి తీసుకుంది ఎప్పుడో తెలుసా? 1999 జూన్‌లో. మార్చిలోనే ఆస్ట్రేలియా డార్విన్‌లోని తన బ్రిగేడ్‌ను 28 రోజుల్లో కదిలేలా సిద్ధం చేస్తున్నానని బాహాటంగా ప్రకటించింది. అంటే పోలింగ్‌కు రెండు నెలల ముందే ఓడ ఉంది, మనుషులున్నారు, తుపాకులున్నాయి, రాత్రిపూట చూసే అద్దాలున్నాయి. లేనిది కాగితం. ఓటు తర్వాత చంపుకోవడం మొదలైతే ఎవరు, ఎన్ని గంటల్లో బయల్దేరాలి అని ముందే రాసి సంతకం పెట్టుకున్న కాగితం ఒక్కటి ఉంటే, ఆ సంగతి జకార్తాకు తెలిసి ఉంటే! సెప్టెంబరు 4కూ 20కీ మధ్య ఉన్న పదహారు రోజులు ఓడ ప్రయాణానికి పట్టినవి కావు.

ఆ రోజుల్లో లిస్బన్‌లో మీ జనం పని ఆపేసి వీధుల్లోకి వచ్చారు, భద్రతా మండలి దేశాల రాయబార కార్యాలయాలను కలుపుతూ చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టారు. మీరు ప్రపంచ నాయకులందరికీ ఫోన్లు చేశారు. ఆ బాధ నిజమైనదే. 2024 ఆగస్టు 30న, ఆ ఓటుకు పాతికేళ్లైన రోజున, మీరు డిలీకి వెళ్లినప్పుడు అక్కడి జనం మిమ్మల్ని తమవాడిగా చూసుకున్నది కూడా అందుకే. కాబట్టే ఈ ఉత్తరం మీకు.

మా దేశానికీ ఈ కథలో పాత్ర ఉంది. తైమూర్ స్వతంత్రమయ్యాక అక్కడి సమితి మిషన్‌కు కమలేశ్ శర్మ, 2006 తర్వాత అతుల్ ఖరే అధిపతులుగా పనిచేశారు. ఇద్దరూ భారతీయులే. ఖరే గారు తర్వాత మీ దగ్గరే దళాల సరంజామా, సరఫరా చూసే విభాగానికి అధిపతి అయ్యారు. ఇక మా తెలంగాణలో సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం అని ఒక ఊరుంది. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అక్కడ తయారయ్యే సారథ్ పోరాట వాహనాలకు 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది. మా సైన్యం ఆ రకం వాహనాలకు తెల్ల రంగు వేసి, పక్కన నల్ల అక్షరాలు రాసి సియెర్రా లియోన్‌కు, కాంగోకు తీసుకెళ్లింది. దళం పంపే దేశమే తన సామాను తెచ్చుకోవాలి, సమితి దానికి అద్దె కడుతుంది, వచ్చి చూసి పనిచేయనిదానికి కోత వేస్తుంది. మా దగ్గర పోలింగ్ సామాగ్రి పంచేచోట సంతకాలు పెట్టించుకుని, తిరిగి ఇచ్చేచోట సిరా సీసా మూత లేదని ఆపేసినట్టే. ఆ పద్ధతిలో లోపాలున్నాయి గానీ కనీసం లెక్క ఉంది.

లెక్క లేకపోతే ఏమవుతుందో కూడా తైమూరే చూపించింది. ఈ సంగతిని శాంతి పరిరక్షణ గురించి మాట్లాడేవాళ్లు తేలిగ్గా దాటేస్తారు. 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ దేశాన్ని నడిపింది సమితి. దాని పోలీసును, సైన్యాన్ని పుట్టించింది సమితి చేతుల మీదుగానే. అడవిలో ఇరవై నాలుగేళ్లు పోరాడిన ఫాలింటిల్ గెరిల్లాలే 2001 ఫిబ్రవరిలో సైన్యం అయ్యారు. పోలీసులో ప్రత్యేక విభాగాలు పెట్టి వాటికి స్టెయిర్, హెచ్‌కే33 లాంటి యుద్ధ తుపాకులు కొన్నారు. స్టెయిర్ అంటే శాంతి దళాల సిపాయి భుజాన చూసిన ఆ పొట్టి తుపాకీ కుటుంబమే. అప్పటికి పది లక్షల జనాభా లేని దేశం, యుద్ధం అయిపోయిన దేశం. పోలీసులకు అవి ఎందుకని గట్టిగా అడిగినవాళ్లు లేరు.

2006లో సైన్యంలో మూడోవంతుకు పైగా మందిని ఉద్యోగంలోంచి తీసేశారు, గొడవ మొదలైంది. అప్పటి హోం మంత్రి రొజేరియో లొబాటో పోలీసు తుపాకులను పౌరులకు పంచారు, ఆ నేరానికి తర్వాత శిక్ష పడింది. సైన్యం కూడా తన ఆయుధాలు పంచింది. మే 25న డిలీలో సైనికులు పోలీసు ప్రధాన కార్యాలయాన్ని చుట్టుముట్టారు. సమితి అధికారులు మధ్యవర్తిత్వం చేసి, పోలీసుల చేత ఆయుధాలు కింద పెట్టించి, సమితి జెండా కింద బయటికి నడిపించుకు వస్తున్నారు. సైనికులు కాల్చారు. ఎనిమిది మంది చనిపోయారు. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు, మీ జెండా పక్కన నడుస్తున్నవాళ్లు. ఆ ఏడాది లక్షన్నర మంది మళ్లీ ఇళ్లు వదిలారు, మళ్లీ అదే విమానాశ్రయంలో అవే తుపాకులతో ఆస్ట్రేలియన్లు దిగారు. ఆ తర్వాత సమితి విచారణ సంఘం తేల్చిన వాటిలో ఒకటి: ఆయుధాలకు, తూటాలకు, ముఖ్యంగా పోలీసు దగ్గర, పద్ధతిగా ఒక లెక్కా అదుపూ లేదు. ఒక రిజిస్టరు, సార్. నంబరు, తేదీ, సంతకం ఉన్న మూడు గడుల రిజిస్టరు.

ఎప్పుడూ తుపాకులతోనే పోవాలని నేను అనడం లేదు. తైమూర్‌కు తూర్పున బూగన్‌విల్ దీవి ఉంది, పాపువా న్యూగినీలో భాగం. పంగూనా రాగి గని చుట్టూ మొదలైన గొడవ అంతర్యుద్ధమై దాదాపు పదేళ్లు సాగింది. 1997 చివర అక్కడికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫిజీ, వనువాటు పంపిన పరిశీలకులు ఆయుధం లేకుండా వెళ్లారు. గిటార్లు పట్టుకెళ్లారు. అది పనిచేసింది, ఎందుకంటే కొట్టుకునేవాళ్లు ముందే ఆపుదామని ఒప్పుకున్నారు. 2001లో శాంతి ఒప్పందం మీద సంతకాలైన తేదీ కూడా ఆగస్టు 30. తుపాకులను ఇనుప కంటైనర్లలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి గెరిల్లా నాయకుడి దగ్గర, రెండోది మీ సమితి పరిశీలకుల దగ్గర. ఇద్దరూ వస్తే గానీ తెరుచుకోదు. మా స్ట్రాంగ్ రూమ్‌లకు వేసే రెండు తాళాలు చూసినవాణ్ణి కాబట్టి ఆ పద్ధతి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది.

2019 చివర బూగన్‌విల్ ప్రజలు ఓటేశారు. దాదాపు 98 శాతం స్వాతంత్ర్యం కావాలన్నారు. ఆ ఓటును పాపువా న్యూగినీ పార్లమెంటు ఆమోదించాలి. అక్కడి నాయకులు మాత్రం 2027 సెప్టెంబరు 1ని స్వాతంత్ర్య దినంగా అనుకుంటున్నారు. ఒకవైపు ఓటు, రెండోవైపు ఒప్పుకోని రాజధాని, మధ్యలో ఒక గని. ఈ వరస మీకు కొత్తది కాదు. అక్కడ హింస జరుగుతుందని నేను జోస్యం చెప్పను. జరగకూడదని, ఆ గిటార్లే చాలాలని కోరుకుంటాను. కానీ మా దగ్గర కూడా ‘అతి సమస్యాత్మకం’ అని రాయడం అంటే గొడవ జరుగుతుందని కాదు.

మీ పదవీకాలం 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. తూర్పు తైమూర్ ఇప్పుడు తైమూర్ లెస్తె. అది 2025 అక్టోబరులో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పదకొండో సభ్యదేశంగా చేరింది. ఇండోనేషియా ఉన్న కూటమిలోనే కూర్చుంది. మీ జీవితంలో చూడాలనుకున్న దృశ్యాల్లో అది ఒకటై ఉంటుంది. వెళ్లేముందు మీ తర్వాత వచ్చేవారి బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్లండి. బూగన్‌విల్‌లో అవసరం పడితే ఏ దేశపు దళం, ఏ రేవు నుంచి, ఎన్ని గంటల్లో బయల్దేరుతుందో, అందుకు భద్రతా మండలి అనుమతి ముందే ఎలా తీసుకోవాలో అందులో రాయండి. ఆ చుట్టుపక్కల సైన్యాలకు ఎవరు ఏ ఆయుధం అమ్ముతున్నారో పక్కన రాయండి. దళాలు తిరిగి వచ్చేటప్పుడు అక్కడ వదిలే ప్రతి తుపాకీ నంబరూ ఎక్కించడానికి ఒక రిజిస్టరు దానికి జత చేయండి.

కాపీ ఒకటి జకార్తాకు, పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోరెస్బీకి కూడా పంపండి. బలగాలు దిగాయన్న సంగతి ఊరందరికీ ముందే తెలియాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రిసైడింగ్ అధికారి